మూతి కదిలితేనే నేను

నా నోటికి మా తండాల అందరూ భయపడ్తరు. దాచేదేమున్నది, నేనే చెప్పుకుంటున్న. నల్లా కాడ వంతు తప్పితె కిషన్‌లాల్ మామ అంతటి పెద్దమనిషినైనా నిలబెట్టి అడుగుత. గసోంటి నాకు మొన్న చలికాలంల నా గొంతంటేనే భయం పుట్టింది. నేను అనని మాటలు నా గొంతుతోటే మా ఆయన చెవులల్ల పడ్డయి. ఆ మాటలు విని ఆయన నా బిడ్డను తీసుకొని అడవిల పడ్డడు. ఆ సంగతే చెప్తున్న, మధ్యల అడ్డం రాకుండ్రి.

మా ఆయన పేరు కోటేష్. డిగ్రీ సగంల ఇడిసిపెట్టి మిర్ప తోట పట్టుకున్నడు. మాట తక్కువ మనిషి. ఇంట్ల ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడుతనని మా అత్త రూప్లి ఎత్తిపొడుస్తది. మాకు ఒక్కతే బిడ్డ, జ్యోత్స్న, రెండో తరగతి. మా తోట వెనక కంచె, కంచె దాటితే అడవి. అందుల సగం భూమికి ఇంకా పట్టా రాలే. ఫారెస్టోళ్ళు వచ్చి ఏనాడు ట్రెంచి తవ్వి భూమి గుంజుకుంటరో అన్న గుబులు మాకు ఉప్పు కారం లెక్క రోజూ ఉండేదే.

చలికాలం మొదల్ల ఫారెస్టోళ్ళు పులులను చూడనీకె చెట్లకు కెమెరా డబ్బాలు కట్టిండ్రు. మా తోట మూల మీది మద్దిచెట్టుకు కూడా ఒకటి కట్టిండ్రు. ఒకనాడు కోటేష్ అన్నం ముందు కూసోని, ఆ డబ్బా పులి కోసం గాదు, మన కోసం అన్నడు. నాకూ గట్లనే అనిపించింది. కిషన్‌లాల్ మామను అడిగితే, అవ్ బిడ్డా, నిజమే అయ్యుంటది, నక్సలైట్ అన్నల కాలంల ఈ తండాల ఎవరు దగ్గినా ఠాణాల తెలిసేది అన్నడు. ఇంకేం, ఒకనాడు పొద్దున్నే నేనే కొడవలి ఇచ్చిన. ఇద్దరం పోయి బెల్టు కోసి ఆ డబ్బాను వాగుల పడేసినం. వారం తిరగకుండనే బీట్ ఆఫీసర్ బండేసుకొని వచ్చి, ఎవడు తీసిండో చెప్పకుంటే కేసులు పెడ్తనని బెదిరించిపోయిండు. చూసినవా, మన మీద కన్ను లేకుంటే ఇంటిదాకా ఎందుకొస్తరు అన్నడు కోటేష్.

ఇగో, ఇక్కడనే మేమంతా బోర్లపడ్డం. ఇంకో ఊర్లె ఎవడన్నా నన్ను చెట్లు చూస్తున్నయంటే, వీనికేదో అయిందని ఇంటోళ్ళు ఉలిక్కిపడుదురు. మా ఊర్లె చెట్లకు నిజంగనే కండ్లున్నయి.

ఆ తర్వాత ఆయనకు నిద్ర పట్టుడు బందైంది. తోటకు కాపలా ఉన్నడు, పందుల భయం, నిద్రెక్కడిది అనుకున్న. పక్క చేన్ల డ్రోనుతోటి మందు కొడుతుంటే సాల్ల మధ్యల బోర్ల పండుకొని తల మీద మట్టి పోసుకున్నడు. మందు మీద పడుతదని జాగ్రత్త పడుతుండు అనుకొని పకపక నవ్విన. ఫోన్ తీసి నీళ్ళ బకెట్ల ముంచిండు. అందులకెళ్ళి మాటలు వింటుండ్రన్నడు. గదీ నిజమేనేమో అని నా ఫోన్‌ను బియ్యం డబ్బాల దాచిన. టీవీల వార్తలు చదివే ఆమె తన గురించే చెప్తున్నదన్నప్పుడు మాత్రం జర పరేషానైన. అప్పటికి స్నానం మానేసిండు, దోస్తులను కలుసుడు మానేసిండు, నేను ముందు ఒక ముద్ద తింటే గాని తను తినకపోయేది. ఒక్కొక్కటిగా వచ్చినయి కాబట్టి ఒక్కొక్కదానికి నేనే ఒక సాకు వెతికి పెట్టిన.

నిజం చెప్పాలంటే నాకు కూడా పట్టుకున్నది. దొడ్డికి పోయినా వెనకకు తిరిగి చూసుకునేదాన్ని. ఆకు కదిలితే ఒళ్ళు జలదరించేది. మా ఇద్దరిల ఎవరి భయం ఎవరికి అంటిందో చెప్పలేను.

ఒకనాడు మధ్యాహ్నం కల్లంల కూసోని ఎండు మిరపకాయలల్ల తాలు ఏరుతున్న. ఘాటుకు ముక్కూ మూతీ కలిపి తువ్వాల కట్టుకున్న. మా తోటకు కూలికొచ్చే కోయగూడెం నాగక్క అవతల కుప్ప దగ్గర ఉన్నది. కోటేష్ మెల్లగ వచ్చి నా ముందల నిలబడ్డడు. కండ్లు ఎర్రగున్నయి.

"పిల్లను వాళ్ళకెందుకు ఇస్తనంటున్నవ్?" అన్నడు.

నాకు అర్థం కాలే. నేనేమీ అనలేదన్న.

"ఇప్పుడే అన్నవ్. పొద్దటిసంది అంటనే ఉన్నవ్. జ్యోత్స్నను అప్పజెప్తే మనను ఇడిసిపెడ్తరని."

తువ్వాల కిందికి గుంజిన. నేను నోరు తెరవలే, ఒట్టు, పక్కన నాగక్క ఉన్నది అడుగు అన్న. ఆయన నాగక్క వైపు చూడలే. నా మూతి దిక్కే చూసుకుంట వెనకకు అడుగులేసుకుంట పోయిండు. అట్ల పోయేటప్పుడు కూడా, చాలు, ఇంక అనకు, చాలు అని బతిమాలుతనే ఉన్నడు. నేను గప్‌చుప్‌గ ఉన్న. నా మొగనికి దుష్మన్‌ల మాటలు వినబడ్డా నేను గింత భయపడకపోదును. నా మాటలే వినబడుతున్నయి. ఆయన చెవులల్ల నేను ఒకదాన్ని ఉన్న, అది నా బిడ్డను అమ్ముతున్నది.

నాగక్క అంతా చూసింది. చేతులు తుడుచుకొని దగ్గరికొచ్చి, తన చిన్నకొడుకు సతీష్‌కు కూడా గిట్లనే అయిందని చెప్పింది. ముందు దేవర దగ్గరికి తీసుకపోయిండ్రట, తర్వాత ఇంజక్షన్లిచ్చే ఆయన దగ్గరికి, ఆఖరికి ఖమ్మంల మనసు డాక్టర్ దగ్గరికి పోయినంక నయమైందట, ఇప్పుడు ట్రాక్టర్ తోలుతుండట. జల్దీ తీసుకపో గానీ మెల్లగ తీసుకపో, భయపెట్టకు అన్నది. ఇంటికొచ్చి మా అత్తకు చెప్తే ఆమె మొకం నల్లబడ్డది. దవాఖానా మాటెత్తకు, తండాల తలెత్తుకోలేము, నాలుగు రోజులు నిద్రపోతే వాడే మంచిగైతడు అన్నది. నాకు మండింది. తలకాయ ఏం చేసుకుంటవ్ అత్తా, కొడుకు పోతుంటే అని ఎగిరిన. ఆమె లోపలికి పోయింది.

నాగక్క మెల్లగ అన్నది గాని మెల్లగ అనేది నా ఒంట్ల లేదు గదా. తెల్లారి పోయి కిషన్‌లాల్ మామను పట్టుకున్న. ఆటో కిరాయికి మాట్లాడి, రాకుంటే పట్టి ఎక్కించనీకె నలుగురు మొగోళ్ళను పిలిపించిండు ఆయన. ఒకడు తాడు కూడా తెచ్చిండు. వాళ్ళంతా మా వాకిట్ల నిలబడి గుసగుసలాడుతుంటే కోటేష్ దొడ్డి గోడ మీదికెళ్ళి చూసిండట. తనను పట్టుకపోనీకె మనుషులు వస్తరని నెలల సంది చెప్తనే ఉన్నడు. వాళ్ళను నేనే పిలిచి వాకిట్ల నిలబెట్టిన.

లోపలికి పోయి చూస్తే మనిషి లేడు. దూలానికి చెక్కిన కొడవలి కూడ లేదు. స్కూలుకు ఉరికిన. అప్పటికే వచ్చి, ఇంట్ల పండుగున్నదని టీచర్‌కు చెప్పి జ్యోత్స్నను తీసుకపోయిండట. ఇద్దరూ కంచె దాటి పోతుంటే చూసినమని మేకలోళ్ళు చెప్పిండ్రు. పిల్లా, కొడవలీ, నా గొంతు నిండిన ఆ చెవులు, మూడూ కలిసి అడవిల ఉన్నయి.

తండా అంతా అడవిల పడ్డది. మొగోళ్ళు ఒక దిక్కు, ఆడోళ్ళు ఒక దిక్కు. కోటేష్ అని కొందరు, జ్యోత్స్నా అని కొందరు. మా అత్త అయితే కంచె కాడనే కూలబడి గుడ్లప్పగించి చూసుకుంట ఉండిపోయింది, నోట మాట లేదు. అందరికన్నా పెద్ద గొంతు నాది. పాణం పెట్టి పిలిచిన. బిడ్డా అన్న, అయ్యా అన్న, బాంచెను రా అన్న. ఆ పిలుపు గుట్టకు తాకి మళ్ళ నాకే వినబడ్డది, ఎవరో వేరే ఆడది అడవి లోపల నిలబడి పిలుస్తున్నట్టే.

నోరు టక్కున మూసుకున్న. ఓరి దేవుడా, ఆయన ఉరుకుతున్నదే ఈ గొంతుకు భయపడి గదా. నేను ఎంత పిలిస్తే అంత లోపలికి తరుముతున్నట్టు గదా. పక్కనున్నోళ్ళను చేతులు పట్టుకొని ఆపిన. పిలువకుండ్రి, ఎవ్వరూ పిలువకుండ్రి, వెనకకు పోండ్రి అని చెవిల చెప్పిన. దీనికి కూడ తగిలిందేమో అన్నట్టు చూసిండ్రు. చూస్తే చూడనియ్. కిషన్‌లాల్ మామ మాత్రం ఏమనుకున్నడో, అందరినీ కంచె దాకా తోలుకపోయిండు.

ఆయన యాడికి పోయుంటడో ఆలోచించిన. ఫోన్‌కు భయపడే మనిషి సిగ్నల్ అందని జాగకే పోతడు. వాగు ఎగువకు రెండు బండల నడుమ ఒక లోతట్టు ఉన్నది, అక్కడ ఏ ఫోనూ మోగదు, మేకలోళ్ళందరికీ తెలుసు. చెప్పులు ఇడిసి చేతుల పట్టుకొని వాగెంబడి నడిచిన. ఎండుటాకు చప్పుడైతే నాకే దడ. ఏం చూడాల్సి వస్తదో అని కండ్లు మూతలు పడుతున్నయి. ఇంతకుముందు నాకు దేవుళ్ళు గుర్తురాకపోయేది, ఆనాడు సేవాలాల్‌నూ మొక్కిన, భద్రాద్రి రామున్నీ మొక్కిన.

బండ నీడల కూసున్నరు ఇద్దరు. జ్యోత్స్న ఆయన ఒళ్ళ ఉన్నది. కదిలింది. పాణం లేచొచ్చింది. రెండు చెవులల్ల పత్తి కుక్కిండు దానికి, నా గొంతు వినబడొద్దని. తన చెవులల్ల కూడ కుక్కుకున్నడు. కొడవలి పక్కన బండ మీద ఉన్నది. నన్ను చూసి పిల్ల లేవబోతే గట్టిగ అదుముకొని కొడవలి మీద చెయ్యేసిండు.

అప్పుడు చూసిన ఆయన మొకం. కొట్టేటోని మొకం గాదు అది. వేటకుక్కలు చుట్టుముట్టిన దుప్పి ఎట్ల చూస్తదో గట్ల చూస్తుండు. నాకన్నా ఆయనకే ఎక్కువ భయం. పిల్లను కొట్టనీకె తేలేదు, నా నుంచి కాపాడనీకె తెచ్చిండు. అది తెలిసినంక కూడ నా భయం తగ్గలే. కాపాడుకునే మనిషి చేతిల కొడవలి ఉంటే ఏమన్నా కావచ్చు.

నేను దూరంగనే, ఆయనకు ఎదురుంగ కింద కూసున్న. పిల్లకు చేతితోటి చెప్పిన, కదలకు బిడ్డా అని. కొంగు జరిపి మొకమంతా కనబడేటట్టు పెట్టుకున్న. మాట్లాడలే. నా బతుకుల గంతసేపు నోరు మూసుకొని ఎన్నడూ లేను. ఆయన నా మూతినే చూస్తుండు. చూసి చూసి మొకం చిట్లించి, "మళ్ళ అంటున్నవ్" అన్నడు. నేను మూతి మూసుకొనే ఉన్న. అడ్డంగ తలూపిన. చెవులల్ల పత్తి తియ్యమని సైగ చేసిన. చానసేపటికి ఒక చెవిదే తీసిండు.

"నా మూతి చూడు," అన్న మెల్లగ. "మూతి కదిలితేనే నేను. కదలకుంటే నేను గాదు."

మళ్ళ నోరు మూసుకున్న. ఆయన కండ్లు నా పెదవుల మీద నుంచి కదలలే. ఆయనకు ఏదో వినబడుతనే ఉన్నది, మెడ నరాలు బిగుసుకుంటున్నయి, కానీ నా మూతి కదలట్లేదని కనబడుతున్నది. ఆ రెండింటి నడుమ ఆయన నలిగిపోతుంటే చూడలేకపోయిన. లేచి పోయి పట్టుకుందామంటే భయం, కూసుందామంటే భయం.

"మరి ఎవరే మాట్లాడుతున్నది?" అన్నడు ఆఖరికి, చిన్నపిల్లగాని లెక్క.

ఏమీ లేదు, అంతా నీ భ్రమ అందామని నాలుక కొస దాకా వచ్చింది. మింగిన. "నాకు తెల్వదు. నాకు వినబడుతలేదు. నీకు వినబడుతున్నదంటే నమ్ముతున్న. అది నేను గాదు."

ఏడ్చిండు. భుజాలు ఎగిరెగిరి పడేటట్టు ఏడ్చిండు. ఏడ్చుకుంటనే, ఇప్పుడు అది నన్ను నీళ్ళల్ల దుంకుమంటున్నది కళ్యాణీ అని చెప్పిండు. వద్దన్న, నా మూతి చూపించుకుంట. చెయ్యి సడలింది. జ్యోత్స్న జారి నా దగ్గరికి ఉరికొచ్చింది. పిల్లను నా వెనకకు తోసి, ఆయన దగ్గరికి పోయి కొడవలిని వాగుల ఇసిరేసిన. తర్వాత ఎంత వణికిన్నో నాకే తెల్వదు, పిల్ల నా నడుము పట్టుకొని అమ్మా ఊగకే అన్నది.

తాడు లేకుండ, నలుగురు మొగోళ్ళు లేకుండ, అత్తనూ పిల్లనూ ఎంబడి పెట్టుకొని ఖమ్మం పోయినం. ఆటోల పొడుగుతా ఆయనకు ఎదురుంగ కూసున్న, మూతి కనబడేటట్టు.

డాక్టరమ్మ చిన్న వయసామె. ఆయనతోటి విడిగ మాట్లాడింది, రక్తం పరీక్షలు, తలకు స్కానింగు చేయించింది. గంజాయి అలవాటున్నదా, జ్వరమొచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా అని అడిగింది. ఇవేవీ లేవు. దీన్ని సైకోసిస్ అంటరని చెప్పింది. లేనివి వినబడుడు, ఎంత చెప్పినా కదలని అనుమానాలు, మాట పొంతన తప్పుడు, అంతకంటే ముందే నిద్ర పట్టకపోవుడు, మనుషులకు దూరమవుడు, ఇవన్నీ దాని గుర్తులేనంట. తనలో పుట్టిన ఆలోచనే బయటి నుంచి వచ్చిన మాట లెక్క మెదడుకు వినబడుతదంట.

నాకు రోషమొచ్చింది. కెమెరా ఉన్నది మేడం, నా చేతులతోటి నేను కోసిన, బీట్ ఆఫీసర్ వచ్చిండు, అదంతా రోగమేనా అని అడిగిన. ఆమె నవ్వలే.

"కెమెరా నిజమే," అన్నది. "భయం మాత్రం ముందే మొదలైంది. దానికి ఆనుకోవడానికి మీ ఊళ్ళో ఏది ఉంటే అది దొరుకుతుంది. పట్నంలో అయితే పక్కింటివాళ్ళు దొరికేవారు."

గోలీలు పని చేయనీకె వారాలు పడుతదన్నది. మంచిగనిపించినంక కూడ సొంతంగ ఆపొద్దన్నది. ఇది ఎవరి పాపమూ గాదు, ఒక్క కారణంతోటే వచ్చేదీ గాదు, రక్తంల కొంత, భయంల కొంత, నిద్ర లేకపోవుట్ల కొంత కలిసి వస్తదన్నది. రక్తంల అనంగనే నా కండ్లు జ్యోత్స్న మీదికి పోయినయి. డాక్టరమ్మకు తెలిసింది. ఇంట్ల ఒకరికి వస్తే అందరికీ రావాలని లేదు, ఎక్కువమందికి రానే రాదు, కానీ ముందుతరాల ఎవరికన్నా వచ్చిందా అనేది నాకు తెలియాలె అన్నది. మా అత్తను అడిగింది. మా అత్త లేదన్నది. ఆమె మళ్ళ అడిగింది. మా అత్త నేల చూపులు చూసింది.

"నా తమ్ముడు," అన్నది.

నేను బిత్తరపోయిన. మా అత్త తమ్ముడు తుల్సీరాం సంగతి తండాల ఎవరిని అడిగినా ఒకటే చెప్తరు. ఇరవయ్యేండ్లు దాటని వయసుల అన్నలల్ల కలవనీకె అడవిలకు పోయిండు, మళ్ళ రాలే. దాని మీదనే పోలీసులు వాళ్ళ నాయినను ఠాణాకు తీసుకపోయి నడుము ఇరగ్గొట్టిండ్రని, ఆ ముసలాయన మంచంలనే పోయిండని చెప్తరు. గదే అన్న డాక్టరమ్మతోటి.

"ఎవల్ల కలవలే వాడు," అన్నది మా అత్త. తిండి మానిండట, నిద్ర మానిండట, చచ్చిపోయిన వాళ్ళ అమ్మ గొంతు చెవుల వినబడుతుందనేదట. పిచ్చోని అక్క అంటే పిల్లను ఎవరు చేసుకుంటరని వాళ్ళ నాయిన ఎవరికీ చెప్పొద్దన్నడట. అన్నలల్ల కలిసిండంటే జనం భయపడి ఊకుంటరట. పోలీసులు కొడ్తున్నా ఆయన ఆ మాటే అన్నడట, కొడుకుకు పిచ్చి అనలేదట.

నాకు తిట్టనీకె నోరు లేచింది. ముందే చెప్తే మేము గింత దూరం వచ్చేవాళ్ళమా అని అడుగుదామనుకున్న. ఆమె చేతులు చూసి ఆగిన. రెండు చేతులతోటి బల్ల అంచు పట్టుకొని ఉన్నది, పట్టు ఇడిస్తే కింద పడేటట్టు.

"మేమంతా ఎంబడి పడి పిలిచినం మేడం," అన్నది. "నేనే ఎక్కువ పిలిచిన. నా గొంతు మా అమ్మ గొంతు ఒక్కతీరుగుంటదని అందరనేది. ఎంత పిలిస్తే అంత లోపలికి ఉరికిండు."

ఇంజక్షన్‌కు మగతల ఉన్న కోటేష్ గోడకు ఆనుకొని కూసున్నడు, వింటలేడనే అనుకున్నం. ఆయన కండ్లు తెరిచి వాళ్ళ యాడి, అదే వాళ్ళమ్మ మూతినే చూసుకుంట అడిగిండు.

"తుల్సీరాం మామకు గోలీలు ఎవ్వరూ ఇయ్యలేదానే యాడీ?"

మా అత్త పెదవులు కదిలినయి గాని మాట రాలే.